నోరు తెరిచి తీసిన ఫోటో

ఆత్మకూరు
3 ఫిబ్రవరి 2025

సుదర్శన్‌కు,

ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాము. పిండి గిర్ని నడుస్తోంది. మీ క్యాంపుకు బియ్యం, పప్పు తెచ్చే జీపులోనే ఈ ఉత్తరం కూడా వస్తుందని మన్ననూర్ ఆఫీసు చిరునామాకు రాస్తున్నాను. ఫోనులో చెప్పదగిన సంగతే. అడవిలో నీకు సిగ్నల్ లేదు కాబట్టి కాగితం తీసుకున్నాను.

యమునకు కుడి దవడ నొప్పిగా ఉంది. చెవికి ముందు, కీలు ఉండేచోట. విత్తనపు పల్లికాయ వలిచే కూలికి పోయినప్పటి నుంచి మొదలైందని మీ వదిన చెప్పింది. వేళ్లు మండినప్పుడు ఆడవాళ్లు కాయను పళ్లతో పగలగొడతారు కదా, అట్లా చాలా రోజులు చేసిందట. ఇప్పుడు జొన్నరొట్టె నమలలేక పప్పుచారులో నానబెట్టుకుని తింటోందట. ఇవన్నీ మీ వదిన చెప్పిన మాటలే. యమున నాకు చెప్పలేదు, మరదలిని నేను అడగలేదు.

మీ వదిన బస్సెక్కితే వాంతులు చేసుకుంటుంది. అందుకని నిన్న నేనే యమునను వనపర్తికి తీసుకువెళ్లాను. పళ్ల డాక్టరు నోరు తెరవమన్నాడు. ఎవరి వేళ్లు వాళ్లవే మూడు నిలువుగా నోట్లో పట్టాలట. యమునకు రెండు కూడా పట్టలేదు. తెరిచినప్పుడు టక్కుమని చప్పుడు వస్తుందా అని అడిగాడు. ఆమె తల వంచుకుంది. చప్పుడేమీ లేదని నేను చెప్పాను.

తర్వాత ఓపీజీ అనే ఎక్స్‌రే తీశారు. మనిషిని నిలబెట్టి, గడ్డం ఒక పలక మీద ఆనిస్తే యంత్రం తల చుట్టూ ఒకసారి తిరుగుతుంది. గుండ్రని దవడ మొత్తం చాటలో పరిచినట్టు ఒకే బొమ్మలో వస్తుంది. రెండు కీళ్లు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి కనిపిస్తాయి. పళ్లు పుచ్చలేదు, దవడ విరగలేదు అని చెప్పడానికి ఇది చాలట. కీలు లోపలి సంగతికి చాలదని డాక్టరు అన్నాడు.

మాత్రలు వేసుకుంటోంది. నువ్వు కంగారుపడవలసింది లేదు.

మీ అన్న
బాలస్వామి


క్యాంపు, నల్లమల
12 ఫిబ్రవరి

అన్నా,

నీ ఉత్తరం ఉల్లిగడ్డ సంచి మీద కూసోని వచ్చింది, అందుకే గీ వాసన. చదివిన. నువ్వు రాసినట్టు నాకు రాయరాదు, మాట్లాడినట్టే రాస్త.

ఈడ పని నిప్పులతోనే. ఆకు రాలింది, అడవి గరగర అంటున్నది. పొద్దుగాల లేసి నిప్పు దాటకుండ గీతలు ఊడుస్తం. ఊడ్చినంక కెమెరాలు చూసుకుంట తిరుగుతం. పులి పోయే బాటకు ఈ దిక్కొకటి ఆ దిక్కొకటి కెమెరా కడ్తం. ఎందుకంటే పులి కుడి పక్క చారలు వేరే, ఎడమ పక్క చారలు వేరే. ఒక్క ఫోటో చూసి ఇది గా పులే అంటే సార్ ఒప్పుకోడు.

మరి యమున సంగతి ఒక్క ఫోటోతోని ఎట్ల తేలుస్తరు? నాతోని ఉండే సాంసన్ కూడ గదే అన్నడు. ఆయనది ఉప్పునుంతల. "పరిచినట్టు తీసేది చిన్న మిషనే, లోపలిది చూడాల్నంటే పెద్ద మిషన్ల పండవెట్టాలె" అంటున్నడు. పెద్ద దాంట్లనే తీయించు అన్నా. సగం సగం చూపియ్యకు.

యమునను ఒక ముక్క రాయమను. ఆమె చేతి రాత చూస్తే నాకు జర నిమ్మలమైతది.

జీపాయన బీడీ అయిపోయింది, లేస్తుండు.

సుదర్శన్


ఆత్మకూరు
22 ఫిబ్రవరి 2025

సుదర్శన్‌కు,

ఉల్లిగడ్డ వాసన ఇంకా పోలేదు. మీ వదిన ఉత్తరాన్ని దండెం మీద ఆరేసింది.

మాత్రలతో తగ్గలేదు. వనపర్తి డాక్టరు చీటీ రాసిస్తే పాలమూరుకు వెళ్లాము. అక్కడ త్రీడీ స్కాన్ తీశారు. కుర్చీలో కూర్చోబెట్టి తీస్తారు. ముల్లంగిని పలుచగా కోసి ఒక్కొక్క చక్రాన్ని చూసినట్టు ఎముకను పొర పొరగా చూడవచ్చు. ఎముక అరిగిందా, గరుకు తేలిందా, ఎక్కడైనా చీలిందా అనే ప్రశ్నలకు ఇదే మంచి జవాబు ఇస్తుందట. యమున ఎముక బాగుంది. దవడ ఎముక చివర ఉండే కీలు గుండు నున్నగా ఉంది. కంప్యూటరులో నాకు కూడా చూపించారు.

మరి నోరు ఎందుకు తెరుచుకోవడం లేదు అన్నదే మిగిలింది. దవడ గుండుకు, పైన పుర్రె ఎముకకు మధ్య ఒక చిన్న పొర ఉంటుంది. డాక్టరు డిస్క్ అన్నాడు. మనం తలకింద పెట్టుకునే మెత్త లాంటిదని అనుకో. నోరు తెరిచినప్పుడు అది గుండుతో పాటు కదలాలి. ఎక్స్‌రేలోనూ, త్రీడీలోనూ మెత్త కనిపించదు. ఎముకలే కనిపిస్తాయి, మెత్త ఉండే చోటు ఖాళీగా ఉంటుంది. దానిని చూడాలంటే ఎమ్మారై తీయాలి.

సాంసన్‌కు చెప్పు. చిన్న మిషన్, పెద్ద మిషన్ అని ఉండదు. ఒక్కొక్కటి ఒక్కొక్కదాన్ని చూస్తుంది. గిర్నిలో పిండి ముతకగా వస్తే ముందు బెల్టు చూస్తాను, తర్వాత రాయి ఎత్తి చూస్తాను. బెల్టు చూసినంత మాత్రాన సగం చూపించినట్టు కాదు.

ఉత్తరం రాయమని యమునకు మీ వదినతో చెప్పించాను. "బావ రాస్తుండు గద, నాదేముంది" అన్నదట.

వేరే ఏమీ లేదు.

బాలస్వామి


క్యాంపు
3 మార్చి

అన్నా,

"వేరే ఏమీ లేదు" అని రాసినవు. నాయినకు గుండె నొప్పి వచ్చిననాడు కూడ నాకు గదే మాట చెప్పినవు. అప్పుడు నేను పుణెల సెంట్రింగు పనిల ఉన్న. వచ్చేటాలకు మట్టి ఏసిన్రు.

ఒక్క కీలుకు మూడు తీర్ల ఫోటోలు ఎవలన్న తీస్తరా? సాంసన్ వాళ్ల మేనత్తకు గిట్లనే దవడ కాడ నొప్పి అని మొదలైందంట. ఫోటో మీద ఫోటో తీసిన్రంట, ఇంటోళ్లు ఏం చెప్పలేదంట. ఆఖరికి క్యాన్సర్ అన్నరంట. నీ ఉత్తరాల గా మాట కోసం ఎతికిన. లేదు. రాయకుండ ఇడిసిపెట్టినవా?

ఆమె ఎందుకు రాస్తలేదు? నువ్వు చదువుతవని రాస్తలేదా, రాసే తీరుల లేదా?

నిజం రాయి అన్నా. నాకు ముల్లంగి సంగతి వద్దు.

నిన్న మా గుట్ట దాపున నిప్పు లేసింది. ఆర్పినం. కనుబొమ్మలు కాలినయి, నవ్వకు.

సుదర్శన్


ఆత్మకూరు
14 మార్చి 2025

సుదర్శన్‌కు,

క్యాన్సర్ కాదు. ఎక్స్‌రేలోనూ త్రీడీలోనూ గడ్డ లాంటిది ఏదీ లేదని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. ఎమ్మారైలో కూడా లేదు. నువ్వు వెతికిన మాటను ఇక్కడ రాశాను కాబట్టి ఇక వెతకవద్దు. నాయిన సంగతిలో నువ్వు అన్నది సరే. అందుకే ఈసారి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొన్న పాలమూరులో ఎమ్మారై అయింది. పెద్ద గూన లాంటి దాంట్లోకి మనిషిని పడుకోబెట్టి తోస్తారు. లోపల చప్పుడు చాలా ఎక్కువ. బెల్టు వదులైన గిర్ని పక్కన ఉన్నట్టే ఉంది, నాకు కొత్తగా అనిపించలేదు. యమున భయపడింది. మనవాళ్లు ఒకరు లోపల ఉండవచ్చన్నారు, నేను ఉన్నాను. ఇనుము, వెండి ఏదీ ఉండకూడదన్నారు. గడియారం, తాళంచెవులు బయట పెట్టాను. మొలతాడుకు వెండి బిళ్ల ఉంది కదా, అది కూడా తీయవలసి వచ్చింది. మొలతాడు చేతిలో పట్టుకుని నిలబడితే ఆ పిల్లవాడు "అది కూడ బయటనే, పెద్దాయనా" అన్నాడు.

రెండు ఫోటోలు తీస్తారు. ఒకటి నోరు మూసుకుని, రెండోది తెరిచి. తెరిచి ఉంచడానికి పళ్ల మధ్య దూది చుట్ట పెట్టుకోవాలి. లావుది, సన్నది రెండు చూపించి "ఎంత తెరవగలిగితే అంత, నీ ఇష్టం అమ్మా" అన్నాడు. యమున సన్నది తీసుకుంది.

ఫలితం ఇది. నోరు మూసినప్పుడు మెత్త ముందుకు జారి ఉంది. తెరిచినప్పుడు గుండు దాని కిందికి రావాలి, రాలేదు. అంటే మెత్త అడ్డంపడి ఇరుక్కుపోయింది. చప్పుడు వస్తుంటే మెత్త మళ్లీ చోటికి వస్తున్నట్టు గుర్తట. చప్పుడు లేదు, నోరూ తెరుచుకోదు కాబట్టి ఇరుక్కున్నట్టే అని సర్జన్ అన్నాడు. కొన్నాళ్లు కాపడం, మందులు వాడి చూస్తారు. అప్పటికీ తెరుచుకోకపోతే ఏప్రిల్ మూడో వారంలో ఆపరేషన్. చెవి ముందు కోస్తారు. ముఖం కదిలించే నరం అక్కడినుంచే పోతుంది. దానికి తగిలితే కనురెప్ప సరిగా మూసుకోకపోవచ్చునని, అట్లా కావడం తక్కువేనని చెప్పాడు. భర్త సంతకం కావాలన్నాడు.

యమున బస్సులో కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. కొత్తకోట దాటాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను ముందు సీటులో ఉన్నాను, అద్దంలో కనిపించింది.

బాలస్వామి


క్యాంపు
21 మార్చి

అన్నా,

కోస్తరా? చెవి ముందట?

చదివినకాడికెల్లి బువ్వ పోతలేదు. ఆమె ముఖం గుర్తు తెచ్చుకుంట కూసున్న. ఇంతదాక కనురెప్పల సంగతి ఎన్నడు ఆలోచించలే.

రేంజర్ సార్‌ను సెలవు అడిగిన. ఆయన మంచోడే. "ఎండ తగ్గేదాక ఒక్కరిని పంపినా గుట్ట కాలుతది సుదర్శన్, రెండు రోజులంటే చూస్త" అన్నడు. రెండు రోజులు సంతకానికి సాలుతయి, ఆమె కాడ ఉండనీకి సాలవు. పని ఇడిసిపెట్టి వస్త. మల్ల పెట్టుకోరు, తెలుసు. పోనీ.

ఒకటి అడుగుత. నువ్వు కోపానికి రావద్దు. ఇన్ని ఫోటోలల్ల ఒక్కటన్న తప్పు కావచ్చు గద? మాకు కెమెరాల ఒకపారి మూడు కాళ్ల చిరుత పడ్డది. అందరం పరేషాన్. మల్ల జూస్తే నాలుగో కాలు చెట్టు మొద్దు ఎనుక ఉన్నది.

వేరే డాక్టర్‌కు చూపియ్యి. సంతకం మాత్రం నేను వచ్చేదాక ఎవలు పెట్టొద్దు. నువ్వు కూడ.

సుదర్శన్


ఆత్మకూరు
2 ఏప్రిల్ 2025

సుదర్శన్‌కు,

ఉగాది పచ్చడి అందరం తిన్నాము. నీ వాటా మీ వదిన కాకికి పెట్టింది.

ఒక సంగతి రాయాలి. రాయాలా వద్దా అని రెండు రోజులు చూశాను.

సోమవారం పగలు కరెంటు పోయింది. నూనె డబ్బా కోసం గిర్ని నుంచి ఇంటి వెనక్కి వెళ్లాను. గిర్ని ఆగి ఉన్నప్పుడు నేను బజారుకు పోతానని ఇంట్లో వాళ్లకు అలవాటు. పెరట్లో మీ వదిన, యమున కూర్చుని చింతకాయ కొడుతున్నారు. తడిక ఇవతల నేను ఉన్నట్టు వాళ్లకు తెలియదు.

యమున ఎవరి గొంతునో అనుకరిస్తోంది. "ఇది గూడ తీయాల్నా నాయినా? ఇది మా తాత కట్టింది నాయినా" అంటోంది. తర్వాత లేచి, నడుము ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో ఏదో వేలాడేసుకున్నట్టు నాలుగు అడుగులు నడిచింది. మీ వదిన కింద పడి నవ్వింది. "అచ్చం మీ బావనే! మొలతాడు ఇప్పినంక లుంగీ గూడ జారిందా ఏందే?"

"పట్టుకున్నడు అక్కా, రెండు చేతుల పట్టుకున్నడు" అని యమున కూడా నవ్వింది. నోరంతా తెరిచి నవ్వింది. మూడు వేళ్లేమి, పిడికిలి పట్టేటట్టు ఉంది. వెంటనే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"మల్ల టక్కుమన్నదా?"

"నవ్వితె అంటది అక్కా. ఆవులిస్తె అంటది. రోజు ఉన్నదే."

నేను నూనె డబ్బా తీసుకోకుండానే తిరిగి వచ్చాను.

అంటే నోరు తెరుచుకుంటోంది. చప్పుడు కూడా ఉంది. దవాఖానలో మూడుసార్లు తెరవలేదు. ఎందుకు తెరవలేదో నాకు తెలియదు, నేను అడగలేను. ఆపరేషన్ విషయం ఇక నువ్వే ఆలోచించుకో.

బాలస్వామి


క్యాంపు
9 ఏప్రిల్

అన్నా,

నీ ఉత్తరం జీపు కాడనే నిలబడి చదివిన. చదివి చింపబోయిన. సాంసన్ చెయ్యి పట్టుకున్నడు.

నా భార్య నాటకమాడుతున్నదని రాసినవా? నొప్పి లేకుండనే పాలమూరు దాక తిరుగుతదా? రొట్టె నానవెట్టుకోని తినేది కూడ నాటకమేనా? "నువ్వే ఆలోచించుకో" అంటవు. గట్ల అనేటోనివి ఇన్ని దినాలు ఎందుకు తిప్పినవు?

గీడిదాక నిన్న రాసిన. కోపంల రాసిన, కొట్టేస్తలేను, ఉండనీ.

ఇయ్యాల గీత ఊడ్చుకుంట ఆలోచించిన. పోయిన నెల సాంసన్ కొత్త కెమెరా కట్టిండు. పడ్తదో లేదో చూద్దామని పక్కకే పొద ఎనుక కూసున్నడు. దుప్పి వచ్చింది. ఒక కాలు ఎత్తింది, ఎత్తింది ఎత్తినట్టే నిలబడ్డది. ఎంతసేపు? అంతసేపు. ఫోటోలు చూసి సార్ "దీనికి కాలు దెబ్బ తాకినట్టున్నది, రాసుకోండ్రి" అన్నడు. సాంసన్ నోరు జారి "లేదు సార్, నేను ఈడనే ఉన్న, మంచిగనే ఉరికింది" అన్నడు. "కెమెరా కట్టినంక నీకేం పనిరా ఆడ?" అని సార్ ఒకటే తిట్టుడు.

అన్నా, ఒకటి చెప్పు. వనపర్తిల డాక్టర్ నోరు తెరువుమన్నప్పుడు నువ్వు ఏడ ఉన్నవు? త్రీడీ కాడ ఏడ ఉన్నవు? గూనల పెట్టినప్పుడు, నువ్వే రాసినవు, లోపల్నే ఉన్నవు.

ఆమె మనింటికి వచ్చి ఎనిమిదేండ్లాయె. నీ ముందట ఒక్క ముద్ద నమిలిందా? నువ్వు వాకిట్లకు వస్తె కొంగు మూతికి అడ్డం పెట్టుకోని తలుపు ఎనుకకు పోతది. మనమ్మ నేర్పింది గదే గద, బావ ముందట కోడలు నోరు తెరువొద్దని. ఆవులింత వస్తె అర్రలకు ఉరుకుతది. గసుంటి మనిషి నువ్వు పక్కకు నిలబడంగ మూడు వేళ్లు పట్టేటట్టు నోరు తెరుస్తదా? డాక్టర్ కాదు, దేవుడు చెప్పినా తెరువది.

ఇంగ చప్పుడు లేదని డాక్టర్‌కు ఎవలు చెప్పిన్రు? మొదటి ఉత్తరం మల్ల తీసి చదివిన. నువ్వు. టక్కుమనేది నేను మంచం మీదికెల్లి ఇన్న, రెండేండ్ల సంది. కోస్తరన్న భయంల గా మాట ముందుగాల నాకు తట్టలే.

నువ్వు చెడు చేసినవని అంటలేను. ఆమెను వదినతోని పంపు. నిమ్మకాయ చేతిలవెట్టి పంపు. నువ్వు బయట ఉండు.

సుదర్శన్


ఆత్మకూరు
18 ఏప్రిల్ 2025

సుదర్శన్‌కు,

నువ్వు చెప్పినట్టు చేశాను. జరిగింది వరుసగా రాస్తాను.

నేను యమునను నిందించాలని రాయలేదు. తెలియదని రాశాను, నిజంగానే తెలియదు. నీ ఉత్తరం చదివాక కూడా కొంతసేపు నమ్మలేదు. మీ వదినను అడిగాను. "గిది కూడ ఎవలన్న చెప్పాల్నా? మీరు పక్కకుంటే ఆమె నోట్లె ఏలు కూడ పట్టది. మీరే తీస్కపోతనంటిరి, నన్నెవలు అడిగిన్రు?" అన్నది.

గద్వాలలో ఒక లేడీ డాక్టరు కీళ్లకు అల్ట్రాసౌండ్ చేస్తుందని వనపర్తి డాక్టరు చెప్పాడు. ముగ్గురం బస్సెక్కాము. మీ వదిన నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. జూరాల ప్రాజెక్టు మీద ఒకసారి బస్సు ఆపించవలసి వచ్చింది, అంతే. గద్వాలలో దిగాక నేను దవాఖాన లోపలికి వెళ్లలేదు. రోడ్డుకు ఇవతల చాయ్ బండి దగ్గర నిలబడ్డాను.

చాలాసేపటికి డాక్టరమ్మ తనే గేటు దాకా వచ్చి నన్ను పిలిచింది.

"చప్పుడు లేదని చెప్పినాయన మీరేనా?"

నేనే అన్నాను.

"దవడ ఆమెది గద, జవాబు మీరెందుకు చెప్పిన్రు?"

చాయ్ గ్లాసును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను. ఆమె నవ్వి చాయ్ తాగి రమ్మంది. కానీ లోపలికి కాదు, వరండాలోకి. అక్కడే చెప్పింది.

అల్ట్రాసౌండ్ అంటే కడుపుతో ఉన్నవాళ్లకు చేసేదే. చెవి ముందు ఆనించి, నోరు మూయిస్తూ తెరిపిస్తూ చూస్తారు. మిగతావన్నీ ఆగి ఉన్న బొమ్మలు, ఇది కదులుతుండగా చూపిస్తుంది. దీనికీ లోటు ఉంది. ఎముక వెనుక ఉన్నది కనిపించదు, చేసే చెయ్యి మంచిది కాకపోతే ఏమీ తెలియదు. యమున నోరు మూసినప్పుడు మెత్త ముందుకు జారి ఉంది, ఎమ్మారైలో ఉన్నట్టే. కానీ పూర్తిగా తెరిచినప్పుడు టక్కుమని గుండు దాని కిందికి వచ్చింది. మూసుకుంటే మళ్లీ జారింది. ఎన్నిసార్లు తెరిపించినా అంతే. వేళ్లు మూడూ పట్టాయి. ఎమ్మారై అబద్ధం చెప్పలేదని డాక్టరమ్మ అన్నది. సన్న చుట్టకు తెరిచినంత నోటిలో మెత్త ఎక్కడ ఉందో అదే చూపించింది. ఇంకొంచెం తెరిచి ఉంటే చోటికి వచ్చేదట.

ఆ కాగితాలు తీసుకుని నిన్న పాలమూరు సర్జన్ దగ్గరికి పోయారు. వాళ్లిద్దరే పోయారు. ఆయన కూడా ఒకసారి తెరిపించి చూసి, చప్పుడు విని, ఆపరేషన్ చీటీ కొట్టేశాడట. రాత్రి పళ్ల మీద పెట్టుకోవడానికి ఒక తొడుగు చేసి ఇస్తారు. పల్లికాయ పళ్లతో కొరకవద్దు. గట్టివి కొన్నాళ్లు మానాలి. నాలుక కొనను అంగిలికి ఆనించి, అద్దం ముందు మెల్లగా నోరు తెరుస్తూ మూస్తూ కసరత్తు చేయాలి, రోజూ, పూట పూటకు. నొప్పి పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేదు. తగ్గుతుందన్నాడు.

సంతకం అవసరం లేదు. పని విడిచిపెట్టవద్దు.

బాలస్వామి


క్యాంపు
27 ఏప్రిల్

అన్నా,

చదివిన. సాంసన్‌కు కూడ చదివి ఇనిపించిన. "మీ అన్న చాయ్ బండి కాడ నిలబడ్డదే అసలు వైద్యం" అన్నడు. వాళ్ల మేనత్త సంగతి ఇంగెన్నడు ఎత్తనని ఒట్టు పెట్టిండు.

ఆ కోపం ఉత్తరం పొయ్యిల ఏసెయ్.

రెండు వానలు పడ్డయి. నిప్పులు సల్లవడ్డయి. సార్ వచ్చే నెల పది దినాలు ఇస్తనన్నడు.

ఒక్కటే అనుమానం. కసరత్తు అంటున్నవు, అద్దం ముందట అంటున్నవు. మనింట్ల అద్దం ఒక్కటే, నడింట్ల ఉన్నది. నువ్వేమో గిర్ని ఇడిసి ఎప్పుడు లోపలికి వస్తవో ఎవలకు తెల్వదు. సప్పుడు చెయ్యకుండ నడిచే అలవాటు నీది. ఆమె సగం తెరిచి, అడుగుల సప్పుడైందా అని మూసుకుంటది. గట్లయితే కసరత్తు అయినట్టేనా?

చూడు జర.

సుదర్శన్


ఆత్మకూరు
9 మే 2025

సుదర్శన్‌కు,

ఉత్తరం పొయ్యిలో వేయలేదు. మిగతావాటితో పాటే ఉంది.

కసరత్తు సంగతి చూశాను. అద్దాన్ని లోపలి అర్రలోకి మార్చమన్నాను. అక్కడ వెలుతురు లేదని మీ వదిన మార్చలేదు. నేను వేరే ఏర్పాటు చేశాను. కసరత్తు వేళకు గిర్ని నడుపుతున్నాను. గిర్ని చప్పుడు వస్తోందంటే నేను దాని దగ్గరే ఉన్నట్టు, ఇంట్లోకి రానట్టు. ఈ మాట యమునకు ఎవరూ చెప్పలేదు. రెండు రోజుల్లో తనకే తెలిసింది.

ఆ వేళకు ఎప్పుడూ పిండి పట్టించేవాళ్లు ఉండరు. మధ్యాహ్నం అసలే ఉండరు. గింజ లేకుండా తిప్పితే రాళ్లు ఒకదాన్నొకటి తింటాయి, అందుకని పై రాయిని ఎత్తి ఉత్తగా తిప్పుతున్నాను. కటిక దుకాణం వెంకటన్న రెండుసార్లు వచ్చి తొంగిచూశాడు. "ఏందే బాలస్వామి, గాలిని పడుతున్నవా?" అన్నాడు. బేరింగులు బిగుసుకోకుండా తిప్పుతున్నానని చెప్పాను.

తొడుగు వచ్చింది. రొట్టె అంచులు తీసేసి తింటోంది, చారులో నానబెట్టడం మానిందట. నొప్పి ఉందట గాని, చెవిలోకి పోవడం లేదట. ఇవి కూడా మీ వదిన చెప్పిన మాటలే.

నిన్న మధ్యాహ్నం కసరత్తు మధ్యలో కరెంటు పోయింది. గిర్ని ఒక్కసారిగా ఆగిపోయింది. నడింట్లో మీ వదిన ఏదో చెబుతోంది, యమున నవ్వుతోంది. కరెంటు పోయిందని వాళ్లకూ తెలుస్తుంది, ఫ్యాను ఆగుతుంది కదా. నేను చెప్పులు వేసుకుని బజారుకు పోదామని లేచాను. చెప్పులు అరుగు మీద చప్పుడు చేశాయి. లోపల "బావ అరుగు మీదనే ఉన్నడే" అని మీ వదిన అన్నది. బాగానే వినిపించింది.

నవ్వు ఆగలేదు. కొంచెం తగ్గి, మళ్లీ వచ్చింది.

నేను చెప్పులు విప్పి, కూర్చున్న చోటే కూర్చున్నాను. కరెంటు వచ్చేదాకా అక్కడే ఉన్నాను. రోజు లెక్కలో ఆ వేళకు ఎదురుగా "గిర్ని నడవలేదు" అని రాసుకున్నాను.

పది రోజుల సెలవు ఖాయమైతే బస్సు ఏ పూటకు దిగుతావో రాయి.

మీ అన్న
బాలస్వామి